గూటికి దూరంగా కూర్చుని గూటి లెక్క రాయడం ఎలా

పిట్టల గూళ్ల మీద పరిశోధన అంటే చెట్టెక్కి గూట్లోకి తొంగిచూడటమే అనుకుంటారు చాలామంది. ఫోన్లలో తిరిగే ఫోటోలూ అలాంటివే: నోళ్లు తెరిచిన పిల్లలు, గడ్డి మీద రెండు గుడ్లు. నిజానికి గూట్లో ఏముందో తెలియడానికి గూట్లోకి చూడాల్సిన పని చాలాసార్లు ఉండదు. వచ్చిపోయే తల్లిదండ్రులే చెప్పేస్తాయి. నోట్లో గడ్డిపరక ఉంటే గూడు కడుతోంది. ఆడపిట్ట వెళ్లి అరగంటైనా బయటికి రాకపోతే పొదుగుతోంది. నోట్లో పురుగుతో వెళ్లి ఖాళీ నోటితో వస్తే లోపల పిల్లలున్నాయి. ఈ మూడు సంగతులూ దూరం నుంచే, టీ తాగుతూ తెలుసుకోవచ్చు. మిగతాదంతా ఓపిక, పెన్సిలు, గడియారం.

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయల మధ్య ఉండేవాళ్ల కోసం రాస్తున్నాను ఇది. కోనసీమ కావచ్చు, నరసాపురం, పాలకొల్లు వైపు కావచ్చు, యానాం, కాకినాడ వైపు కావచ్చు. జువాలజీ చదివే పిల్లలు, సైన్సు మాస్టార్లు, రిటైరై పెరట్లో కుర్చీ వేసుకున్నవాళ్లు ఎవరైనా చేయదగ్గ పని. నిజం చెప్పాలంటే, రిటైరైనవాళ్లే బాగా చేస్తారు.

ముందు ఏ పిట్టో తేల్చుకోండి

కనిపించిన ప్రతి గూడూ రాయాలనుకుంటే నెలలోపే విసుగొస్తుంది. ఒక జాతి, మహా అయితే రెండు. ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: మగ ఏదో ఆడ ఏదో దూరం నుంచి చెప్పగలనా? తల్లి ఎంత కష్టపడుతోంది, తండ్రి ఎంత సాయం చేస్తోంది అన్నదే మీకు కావాల్సిన సంగతి అయితే, రెండూ ఒకేలా ఉండే పిట్టతో సగం పని పోయినట్టే. పిగిలిపిట్ట, గోరింక, పసులపోలిగాడు, వీటిలో ఆడామగా మన కంటికి తేడా తెలియవు. పెరట్లో ఆకులు కుట్టి గూడు పెట్టే దర్జీపిట్టా అంతే, కాకపోతే గూళ్ల కాలంలో మగదానికి తోక మధ్య ఈకలు పొడుగ్గా సాగుతాయి, అదొక ఆనవాలు.

మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేవి నాలుగు. 

తేనెపిట్ట: మగదాని రంగులు ఎండలో మెరుస్తాయి, ఆడది పైన మట్టిరంగు, కింద పసుపు. గూడు మందారం కొమ్మకో, వసారాలో వేలాడే తీగకో కడుతుంది కాబట్టి కుర్చీలోంచి కనిపిస్తుంది. 

పెద్ద నల్లంచి: మగది నలుపు తెలుపు, ఆడదానికి ఆ నలుపు ఉండాల్సిన చోట బూడిదరంగు. చెట్టు తొర్రలోనో గోడ కన్నంలోనో పెడుతుంది. లోపల ఏమీ కనిపించదు, అది మంచిదే, తొంగిచూడాలన్న ఆశ ఉండదు. 

ఊరపిచ్చుక: మగదానికి గొంతు కింద నల్ల మచ్చ. మన వైపు ఇళ్ల చూరుకు వరి కంకుల కుచ్చు వేలాడదీసే అలవాటు ఇంకా ఉన్న ఊళ్లలో పిచ్చుకలూ ఉంటాయి, చూడటానికి ఇంటివాళ్ల ఒప్పుదలా సులువుగా దొరుకుతుంది. 

నాలుగోది గిజిగాడు. దాని సంగతి వేరుగా చెప్పుకోవాలి.

కార్తెలు దగ్గర పెట్టుకోండి

పరిశోధన పుస్తకాల్లో నెలలుంటాయి. డెల్టాలో పిట్టలు నడిచేది నీళ్ల లెక్కన. కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో చేలు ఎండి ఉంటాయి, అప్పుడు తోటల్లో, ఇళ్ల దగ్గర నల్లంచీ పిగిలిపిట్టా గూళ్ల పనిలో ఉంటాయి. కాకులు కూడా వేసవి చివర మొదలుపెడతాయి, వాటి వెనకే కోయిల. జూన్‌లో కాలువలకు నీళ్లొదిలి సార్వా నారుమళ్లు పచ్చబడ్డాక గిజిగాళ్ల వంతు. మృగశిరలో మొగ పిట్టల తలలు పసుపెక్కి ఉంటాయి, ఆరుద్ర, పునర్వసు నాటికి తాటిచెట్ల మట్టల చివర కొత్త గూళ్ల పచ్చటి ఉంగరాలు వేలాడతాయి. శ్రావణ భాద్రపదాల దాకా చూడొచ్చు. తేనెపిట్ట, దర్జీపిట్టలు ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒక చోట గూడు పెడుతూనే ఉంటాయి, మొదలుపెట్టడానికి ముహూర్తం అక్కర్లేదు.

అడగాల్సినవాళ్లని అడగండి

ఇది రెండు రకాలు. మొదటిది చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గుడ్లనీ గూళ్లనీ కదిలించడం వేట కిందికే వస్తాయి. దూరంగా కూర్చుని చూడటానికి ఎవరి కాగితమూ అక్కర్లేదు. కానీ పిల్లల్ని చేతిలోకి తీసుకుని తూకం వేస్తాను, కాలికి రింగు తొడుగుతాను అంటే శిక్షణా ఉండాలి, రాష్ట్ర వన్యప్రాణి శాఖ అనుమతీ ఉండాలి. కోరింగ అభయారణ్యం లోపల మడ అడవిలో చేసే పనైతే చూడటానికైనా సరే ముందే అటవీశాఖకి రాసుకోండి.

రెండోది ఊరు. బైనాక్యులర్ పట్టుకుని ఒకరి తోటలో గంటసేపు కదలకుండా కూర్చుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. భూమి సర్వే అనుకుంటారు, రొయ్యల చెరువు తవ్వడానికొచ్చారనుకుంటారు. "బాబాయ్ గారూ, మీ గట్టు మీద తాటిచెట్టుకి గిజిగాళ్లు కట్టాయి కదండీ, వారానికి రెండు పూటలు కూర్చుని చూసుకుంటానండీ" అని ముందే చెప్పండి. "ఆయ్, చూసుకోండి, ఏం చూస్తారండీ వాటిని?" అంటారు. బైనాక్యులర్ ఆయన చేతికిచ్చి ఒకసారి చూపించండి. మర్నాటి నుంచి మీరు రాని రోజు సంగతులు ఆయనే చెబుతారు.

కొబ్బరికాయలు దించే దింపు కార్మికులతో, తాటి గీసేవాళ్లతో పరిచయం పెట్టుకోండి. ఏ చెట్టు మీద ఏ పిట్ట ఉందో వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు. ఇంకో లాభం కూడా ఉంది. దింపుకొచ్చినప్పుడు ఎండు మట్టలు కొట్టేస్తారు, ఆ మట్టకి గూడుంటే అదీ పోతుంది. దింపు ఎప్పుడో ముందే కనుక్కుని "ఆ ఒక్క మట్టా రెండు వారాలు ఉంచండి" అంటే కాదనేవాళ్లు తక్కువ.

గూడు వెతకొద్దు, పిట్టని వెంబడించండి, అదీ కళ్లతోనే

పొదలు కదిలిస్తూ వెతికితే రెండు నష్టాలు. గూడు దొరికినా పిట్ట బెదిరి వదిలేస్తుంది, ముఖ్యంగా కడుతున్న రోజుల్లో, మొదటి గుడ్డు పెట్టిన రోజుల్లో. పైగా మీరు తొక్కిన దారి వెంటే పిల్లీ, ముంగిసా వస్తాయి.

అందుకని ఉదయం ఆరున్నరకి ఒక చోట కూర్చోండి. నోట్లో ఏదైనా పట్టుకుని ఎగిరే పిట్ట కోసం చూడండి. సాలెగూడు పోగు లాక్కుంటున్న తేనెపిట్ట, బూరుగు దూది పీచు పట్టుకున్న దర్జీపిట్ట, పురుగు నోట కరుచుకుని మింగకుండా అటూ ఇటూ చూస్తున్న నల్లంచి కనిపిస్తే గూడు దగ్గర్లోనే ఉన్నట్టు. అది ఎటు మాయమైందో గుర్తుపెట్టుకోండి. లేచి వెళ్లొద్దు. రెండోసారి, మూడోసారి అటే పోతే చోటు దొరికినట్టే. ఒక్కోసారి పిట్ట పురుగుతో కొమ్మ మీద కూర్చుని టిక్ టిక్ మంటూ తోకాడిస్తూ ఎంతకీ వెళ్లదు. దానికి అడ్డం మీరే. లేచి పది అడుగులు వెనక్కి జరగండి. పది నిమిషాలైనా వెళ్లకపోతే ఆ పూటకి ఇంటికి వెళ్లిపోండి. కావలసిన దూరం ఎంత అని అందరూ అడుగుతారు. అడుగుల్లో చెప్పలేను, పిట్టే చెబుతుంది. వసారాలో గూడు పెట్టిన తేనెపిట్టకి మీరు కుర్చీలో పేపర్ చదవడం రోజూ చూసేదే. చేల మధ్య ఈతచెట్టు మీద పిట్టకి మీరు కొత్త.

రోజూ ఒకే చోట, ఒకే వేళకి, ఒకే మట్టిరంగు చొక్కాతో కూర్చోండి. చేలో పనివాళ్లని పిట్టలు పట్టించుకోవు. కదలకుండా గూటి వంకే చూసే మనిషిని చూస్తే బెదురుతాయి. మొహం కాస్త పక్కకి పెట్టి కూర్చోవడం నేర్చుకోండి.

దొరికిన గూటికి రిబ్బను కట్టొద్దు, సున్నం బొట్టు పెట్టొద్దు. కాకి చాలా తెలివైంది, ఊళ్లో పిల్లలు కాకి కన్నా తెలివైనవాళ్లు. పుస్తకంలో ఇలా రాసుకోండి (తే-3 అంటే మూడో తేనెపిట్ట గూడు): "తే-3. బోదె గట్టు, మోటారు షెడ్డు నుంచి తూర్పుకి ఏడో కొబ్బరిచెట్టు, దాని పక్క మందారం, మనిషి భుజమెత్తు." ఇది చాలు. కూర్చునే చోటు ఎంచుకునేటప్పుడు కింద చూసుకోండి, వరి గట్ల మీద నాగుపాములూ రక్తపింజరలూ కొత్త కాదు. మోకాలి దాకా బూట్లు, చేతిలో కర్ర, చీకటి ఉంటే టార్చి. ఒంటరిగా వెళ్తుంటే ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి.

ఒక గంట లెక్క

అసలు పని ఇదే. పొద్దున్న ఒక గంట, కుదిరితే వేరే రోజు సాయంత్రం ఒక గంట. రోజంతా ఒకే గూటి ముందు కూర్చోవడం కన్నా అయిదారు గూళ్లకి తలో గంట ఇవ్వడం మేలు. మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం కచ్చితంగా రాయాలి. ఏమీ జరగని గంట కూడా గంటే. "పిట్ట రాలేదు" అని రాసిన కాగితం చాలామంది చించేస్తారు. లెక్కకి అదే ప్రాణం.

పెన్సిలుతో రాయండి, వానకి పెన్ను సిరా కారిపోతుంది. నమూనాకి ఒక పేజీ ఇలా ఉంటుంది:

తే-3. మబ్బు, గాలి లేదు. మొదలు 6:40.
6:43 ఆడ, సాలీడు. లోపలికి తల పెట్టి అయిదు సెకన్లు.
6:51 మగ, సన్న పురుగు, ముక్కులో సగం పొడవు.
6:52 ఆడ, ఏదో తెలియలేదు. వెళ్తూ తెల్ల సంచి పట్టుకుపోయింది.
7:04 ఆడ. పురుగు.
7:10 కొమ్మ మీదికి ఉడత. ఆడ అరుపు. మగ జాడ లేదు. 7:13కి ఉడత వెళ్లిపోయింది.
7:19 ఆడ.
7:26 మగ.
ముగింపు 7:40. మేత: ఆడ 4, మగ 2.

ఆ తెల్ల సంచి సంగతి. చిన్నపిల్లలు రెట్ట వేస్తే అది పలచటి పొరలో చుట్టుకుని చిన్న ముద్దలా వస్తుంది. తల్లో తండ్రో దాన్ని నోట కరుచుకుని దూరంగా పారేస్తాయి, గూటి వాసన శత్రువుకి తగలకుండా. అది ఎవరు మోశారో కూడా రాయండి. మేత మోయడం మాత్రమే పెంపకం కాదు. పారేసే పని, ఎండకి అడ్డం నిలబడే పని, ఉడతని తరిమే పని, అన్నీ లెక్కలోకే. మే నెలలో నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు పిగిలిపిట్ట గూటి అంచున నిలబడి, రెక్కలు కాస్త విప్పి పిల్లలకి నీడ పడుతుంది. ఆ అరగంటలో ఒక్క మేతా ఉండదు. మేత మాత్రమే లెక్కపెట్టేవాళ్లు దాన్ని సోమరి తల్లి అని రాసేస్తారు.

ఏం తెచ్చిందో పేరు తెలియకపోతే పేరు పెట్టొద్దు. "పచ్చ గొంగళి, ముక్కుకి రెండింతలు" అంటే చాలు. ముక్కుతో పోల్చి పొడవు రాయడం పక్షులు చూసేవాళ్లందరూ చేసే పద్ధతే. గింజలు తినే పిట్టలు కూడా చాలావరకు పసిపిల్లలకి పురుగులే పెడతాయి. పిచ్చుక మొదటి రోజుల్లో గొంగళ్లు, చిన్న మిడతలు తెస్తుంది. పక్క చేలో మందు కొట్టిన రోజు తప్పకుండా రాసుకోండి, ముందు రెండు రోజులూ తర్వాత రెండు రోజులూ గంటకి ఎన్ని రాకలో పక్కపక్కన పెట్టి చూడండి.

చివర్లో గంటకి మేతల సంఖ్యని పిల్లల సంఖ్యతో భాగించాలి. పై పేజీలో ఆరు మేతలు. గూట్లో రెండు పిల్లలుంటే తలకి మూడు. నాలుగు పిల్లలున్న గూటికి ఎనిమిది మేతలొస్తే మొత్తం పెరిగింది గాని తలకి రెండే. ఈ భాగహారం చేయకపోతే పెద్ద కుటుంబం తల్లి ఎప్పుడూ కష్టజీవిగానే కనిపిస్తుంది.

గూట్లోకి చూడక తప్పదంటే

గుడ్లెన్ని, పిల్లలెన్ని అన్నది మాత్రం చూస్తేనే తెలుస్తుంది. మూడు నాలుగు రోజులకోసారి, అంతకన్నా వద్దు. పొడవాటి కర్రకి చిన్న అద్దం కట్టుకోండి, స్కూటర్ అద్దమైనా పనికొస్తుంది. సెల్ఫీ స్టిక్‌కి ఫోను పెట్టి వీడియో తీసినా సరే, ఫ్లాష్ వద్దు. నిమిషంలోపు అయిపోవాలి. ఆకులు పక్కకి తప్పించొద్దు, కొమ్మ వంచొద్దు. ఫోటో కోసం అడ్డొచ్చిన ఆకులు తుంచేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఆకులే గూటికి గొడుగు, కాకికి తెర.

వేళ విషయంలో జాగ్రత్త. చిన్న పిట్టలు సాధారణంగా పొద్దున్నే, రోజుకొక గుడ్డు చొప్పున పెడతాయి. అందుకని తొమ్మిది దాటాక, ఎండ ముదరకముందు చూడండి. వానలో వద్దు, చీకటి పడే వేళ వద్దు. దగ్గర్లో కాకి గాని జెముడుకాకి గాని కూర్చుని ఉంటే అస్సలు వద్దు, మీ వెనకాలే వచ్చి మీరు చూసిందే చూస్తుంది. గూటి దాకా వెళ్లి వచ్చిన దారినే తిరిగిరాకుండా, పక్కనుంచి నడుచుకుంటూ అలా ముందుకి పోండి. పిల్లలకి ఈకలు వచ్చాక ఇక దగ్గరికి వెళ్లనే కూడదు. బెదిరితే ఎగరడం రాకపోయినా గూట్లోంచి దూకేస్తాయి, కింద పిల్లి ఉంటుంది.

కొన్ని గడువులు గుర్తుంచుకుంటే గూట్లోకి చూసే పని ఇంకా తగ్గుతుంది. దర్జీపిట్ట పొదగడం పన్నెండు రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. పిగిలిపిట్ట గుడ్లు రెండు వారాలకి పగులుతాయి. గోరింకకి పదిహేడు పద్దెనిమిది రోజులు, పిల్లలు మూడు వారాలు దాటాకే బయటికి వస్తాయి. తేనెపిట్టకి పొదగడం రెండు వారాల చిల్లర. పిల్లలు పుట్టినప్పుడు ఒంటి మీద ఏమీ ఉండదు, కళ్లు మూసుకునే ఉంటాయి. వారంలోపే కళ్లు తెరుస్తాయి, ఈకలు ముళ్లలాంటి గొట్టాలుగా పొడుచుకొస్తాయి, ఆ తర్వాత గొట్టాలు విచ్చుకుంటాయి. ఒక్కసారి పిల్లల్ని చూస్తే ఎప్పుడు పుట్టాయో వెనక్కి లెక్కేసుకోవచ్చు.

గిజిగాడి దగ్గర పద్ధతి మారుతుంది

ఇక్కడ ఒక గూడు కాదు, ఒక చెట్టంతా ఒక పేట. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1930 ప్రాంతంలో మహారాష్ట్రలో అలీబాగ్ దగ్గర కిహింలో గిజిగాళ్లని చూస్తూ కూర్చుని తేల్చిన సంగతి ఇప్పటికీ మన తాటిచెట్టు కింద కూర్చుని చూసుకోవచ్చు. కట్టేది మగదే. వరి ఆకు మొదట్లో గాటు పెట్టి, అంచు పట్టుకుని ఎగిరి నిలువునా చీల్చుకుపోతుంది. ఉంగరం కట్టి, దాన్ని బోర్లించిన టోపీలా పెంచి, అక్కడ ఆగుతుంది. ఆ దశలో ఆడపిట్టల గుంపు దిగుతుంది. చెట్టంతా మగవి రెక్కలు కొట్టుకుంటూ తలకిందులుగా వేలాడుతూ గోల చేస్తాయి. ఆడది ఒక్కో టోపీలోకి దూరి, పరకలు లాగి చూసి, నచ్చితే ఉంటుంది. నచ్చితేనే మగది మిగతా గది, కింది గొట్టం పూర్తి చేస్తుంది. అది పూర్తయిన దగ్గర్నుంచి పొదగడం ఆడదాని పని, మేత మోయడమూ ఎక్కువగా దానిదే. మగది పక్క మట్టకి ఇంకో ఉంగరం మొదలుపెడుతుంది, ఇంకో ఆడదాని కోసం. ఊళ్లో పెద్దవాళ్లు గిజిగాణ్ణి ఆదర్శ గృహస్థుగా చెబుతుంటారు. గూడు వరకే నిజం.

కాబట్టి ఇక్కడ మొదట చెట్టు బొమ్మ గీయండి. మట్టలకి నంబర్లు, ప్రతి మట్ట కింద గూళ్లు. వారానికోసారి ఒక్కో గూటి దశ రాయండి: ఉంగరం, టోపీ, గొట్టం, వదిలేసినది. ఏ టోపీలు ఎన్ని వారాలైనా టోపీలుగానే మిగిలిపోయాయో చూడండి, అవి ఆడవి ఒప్పుకోనివి. గూళ్లు చెట్టుకి ఏ దిక్కున ఉన్నాయో దిక్సూచితో రాయండి. నైరుతి గాలికి చాటుగా తూర్పు వైపు ఎక్కువ కడతాయని చాలాచోట్ల చూశారు, మీ లంకలో నది గాలి ఎటు నుంచి కొడుతుందో దాన్నిబట్టి మీకేం వస్తుందో చూడండి. కొన్ని గూళ్లలో లోపలి గోడకి తడిమట్టి ముద్దలు అంటించి ఉంటాయి. ఎందుకన్నది ఇంకా వాదనే. రాలిపడిన గూడు దొరికితే, అందులో గుడ్లూ పిల్లలూ లేవని చూసుకుని, మట్టి ఉందో లేదో రాసి పెట్టండి.

పిల్లలకి మేత మోస్తున్న గూళ్లు గుర్తుపట్టడం తేలిక. గొట్టం కిందనుంచి ఆడది రివ్వున లోపలికి దూరి, కాసేపటికి జారినట్టు బయటపడుతుంది. ఒకేసారి మూడు గూళ్లకి మించి చూడకండి, టెన్షన్ తప్ప లెక్క మిగలదు.

గూడు ఖాళీ అయితే

మూడు రోజుల తర్వాత వెళ్లేసరికి గూట్లో ఏమీ లేదు. ఎగిరిపోయాయా, పోయాయా? ఊహ రాయొద్దు. గడువు లెక్క చూడండి: పిల్లలు పుట్టి అయిదు రోజులే అయితే ఎగిరిపోయే ప్రశ్నే లేదు. పదమూడు రోజులై, గూటి అంచు నలిగి రెట్టలు అంటుకుని, దగ్గర్లో పొదలో పెద్ద పిట్టలు ఇంకా పురుగులు మోస్తుంటే ఎగిరినట్టే, ఎగిరాక కూడా కొన్ని రోజులు మేత పెడతాయి. గూడు చిరిగి వేలాడుతుంటే పిల్లి గాని కాకి గాని. గూడు చెక్కుచెదరకుండా గుడ్లు మాత్రం మాయమైతే పాము కావచ్చు, తొండ కావచ్చు. రెండూ కాకపోతే "తెలియదు" అని రాయండి, అదీ ఒక సమాధానమే.

కాకి గూడు చూస్తున్నవాళ్లకి ఇంకో చిక్కు. మగ కోయిల నల్లగా వచ్చి కాకుల్ని రెచ్చగొడుతుంది, అవి తరుముకుంటూ వెళ్తే చుక్కల ఆడకోయిల గుడ్డు పెట్టి పోతుంది. ఆ గుడ్డు ముందే పగులుతుంది. ఎగిరాక చెట్టు మీద కాకి ఎవరి నోట్లో పెడుతోందో కాస్త తీరిగ్గా చూడండి.

కింద పడిన పిల్ల దొరికితే: ఈకలు లేకపోతే మెల్లగా తీసి గూట్లో పెట్టేయండి. మనిషి వాసన తగిలితే తల్లి రానివ్వదన్నది ఉత్త మాట. ఈకలు వచ్చి గెంతుతుంటే అది గూడు వదిలిన పిల్ల, పొద మీద కూర్చోబెట్టి పిల్లిని తోలేసి తప్పుకోండి. ఇంటికి తేవద్దు.

లెక్క తేల్చడం

సీజన్ అయ్యాక అందరూ చేసే లెక్క ఇది: ఇరవై గూళ్లు చూశాను, అయిదు పాడయ్యాయి, పదిహేను గట్టెక్కాయి, డెబ్భై అయిదు శాతం. ఈ అంకె ఎప్పుడూ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఎందుకంటే మీకు చాలా గూళ్లు సగంలో దొరికాయి. మొదటి వారంలోనే కాకి ఎత్తుకుపోయిన గూళ్లు మీ పుస్తకంలోకి ఎక్కనే లేదు. పిల్లలకి ఈకలొచ్చాక దొరికిన గూడు ఎలాగూ గట్టెక్కుతుంది.

హెరాల్డ్ మేఫీల్డ్ అనే అమెరికన్ 1961లో దీనికి దారి చూపించాడు. ఆయన వృత్తి పక్షిశాస్త్రం కాదు, కంపెనీ ఉద్యోగి, సరదాకి పిట్టలు చూసేవాడు. గూళ్లని కాదు, గూటి రోజుల్ని లెక్కపెట్టమన్నాడు. ఒక్కో గూడూ మీ కంటి కింద ఎన్ని రోజులు ఉందో కూడండి. ఇరవై గూళ్లకీ కలిపి 250 గూటి రోజులు వచ్చాయనుకుందాం. పాడైనవి 5. అయిదుని 250తో భాగిస్తే 0.02. అంటే ఒక గూడు ఒక రోజు గడవడానికి అవకాశం 0.98. గుడ్డు నుంచి ఎగిరేదాకా మీ పిట్టకి 28 రోజులు పడితే 0.98ని 28 సార్లు హెచ్చవేయాలి. ఫోన్ కాలిక్యులేటర్‌లో చేస్తే సుమారు 0.57 వస్తుంది. డెబ్భై అయిదు కాదు, యాభై ఏడు శాతం. అదే గూళ్లు, అదే పుస్తకం.

ఈ లెక్కకి మూడు తేదీలు కావాలి: గూడు మొదట చూసిన రోజు, చివరిసారి బతికి ఉండగా చూసిన రోజు, ఖాళీగా కనిపించిన రోజు. గురువారం బాగుంది, సోమవారం ఖాళీ అంటే నడిమధ్యన, శనివారం పోయిందని వేసుకుంటారు. అందుకే నాలుగు రోజులు మించి విడవకుండా వెళ్లమన్నది.

ఫలితం ఎక్కడ పెట్టాలి అంటే, చూసిన పక్షుల జాబితాలు ఎక్కించే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో మామూలు జాబితాతో పాటు గూడు కట్టడం, మేత మోయడం లాంటి వాటికి సంకేతాలు ఉంటాయి, అవి నింపండి. పిట్ట పేరు దగ్గర సందేహముంటే మెర్లిన్ యాప్ సాయం చేస్తుంది, కానీ గూటి దగ్గర ఆ యాప్‌లోని పిట్ట అరుపులు ప్లే చేయొద్దు, మగది శత్రువొచ్చిందని మేత మానేసి మీ చుట్టూ తిరుగుతుంది. గూడు ఉండగా ఫోటోకి ఊరు పేరు పెట్టొద్దు. పుస్తకం పేజీలు ఫోటో తీసి ఇంకో చోట దాచండి, గోదావరి వరద లంక ఊళ్లలో కాగితాలని చూసి ఆగదు. వచ్చే ఏడు కాలువలకి నీళ్లొదిలేలోగా అదే చెట్టు బొమ్మ కొత్త పేజీలో గీసి పెట్టుకోండి. ఏ మట్టలు కొట్టేశారో దింపుకొచ్చినవాళ్లని అడిగి కొట్టివేత గీతలు పెట్టండి.